విదేశీ స్ట్రైకర్‌ని పిల్లల కోచ్‌గా పెట్టుకోవాలంటే ఏటేటి చూడాలి? (విజయనగరం)

కంటోన్మెంట్ కుర్రోడు

అందరికీ నమస్కారం. విజయనగరంలో మా ఫుట్‌బాల్ క్లబ్బులో 44 మంది పిల్లలున్నారు. 12 ఏళ్ల లోపు 18 మంది, 13 నుంచి 15 వరకు 16 మంది, మిగతా 10 మంది 17 లోపు. పొద్దున్న అయిదున్నర నుంచి ఏడు దాకా ప్రాక్టీసు. గ్రౌండు గట్టి ఎర్రమట్టి, గడ్డి మొలక లేదు. పెద్ద గోల్‌పోస్టులు ఒక్క జత. బంతులు 14, అందులో నాలుగు గాలి నిలవవు. కోచ్ అని చెప్పుకోడానికి ఎవరూ లేరు. ఇద్దరు సీనియర్లు చూసుకుంటున్నారు, ఇద్దరికీ లైసెన్సు లేదు.

ఇప్పుడొక నైజీరియా ఆయన దొరికాడు. వయసు 29, విశాఖలో పీజీ చదువుతున్నాడు, స్టూడెంట్ వీసా. స్ట్రైకర్. అంటే ముందువరసలో ఉండి గోల్స్ కొట్టేవాడు. అక్కడ చిన్న డివిజన్‌లో ఆడి వచ్చాడు, ఇక్కడ కేరళలో మలప్పురం సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే పోటీలు) రెండు సీజన్లు ఆడాడు. మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసి కోచింగ్‌లోకి వద్దామని చూస్తున్నాడు. వారానికి మూడు రోజులు రైలెక్కి వస్తానన్నాడు, నెలకి పాతికవేలు అడిగాడు. ఒక పొద్దున్న వచ్చి షాట్లు కొట్టి చూపిస్తే మా గుంటలు నోరెళ్ళబెట్టీసారు. కమిటీలో సగం మంది బేగి పెట్టీద్దాం అంటున్నారు, మిగతా సగం మందికి భయం.

కాగితాల సంగతి ఎలాగ? ఇలా బయట దేశం నుంచి వచ్చి గోల్స్ కొట్టి, తరవాత కోచ్ అయినవాళ్ళు ఏ తోవలో వెళ్ళారు? పెట్టుకుంటే గ్రౌండులో ఆయనకి ఏ పని అప్పజెప్పాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, పుణ్యముంటుంది.

ఆమదాలవలస ఫైలు

ముందు సూటిగా ఒక మాట: ఆ పాతికవేలు ఇవ్వకండి. కవర్లో వద్దు, ఫోన్‌పేలోనూ వద్దు.

స్టూడెంట్ వీసా చదువుకోడానికి ఇచ్చింది. దాని మీద జీతం తీసుకుని పని చెయ్యకూడదు. కోచింగ్ కూడా పనే. ఇది బయటపడితే మీకంటే ముందు ఆయనకే నష్టం. వీసా రద్దు చేసి దేశం వదిలి పొమ్మనవచ్చు, మళ్ళీ రాకుండా పేరు నల్లజాబితాలో పెట్టవచ్చు. డిగ్రీ చేతికి రాకముందే ఇది జరిగితే ఆ కుర్రాడి చదువు గంగలో కలుస్తుంది. సెవెన్స్‌లో మ్యాచ్‌కింత అని తీసుకుని ఉంటే ఆ సంగతి ఎక్కడా రాయించకండి, మీ క్లబ్బు పోస్టర్లో అస్సలు వెయ్యకండి.

కోచ్‌గా జీతం తీసుకోవాలంటే ఎంప్లాయ్‌మెంట్ వీసా ఉండాలి. క్లబ్బుతో కాంట్రాక్టు ఉన్న విదేశీ ఆటగాళ్ళకీ, జాతీయ, రాష్ట్ర జట్లకో పేరున్న క్లబ్బులకో పనిచేసే విదేశీ కోచ్‌లకీ ఈ వీసా ఇస్తారు. అక్కడిదాకా బాగానే ఉంది. చిక్కు జీతం దగ్గర వస్తుంది. ఈ వీసాకి ఏడాదికి 16.25 లక్షల పైన జీతం చూపించాలి, అంటే నెలకి లక్షా ముప్ఫై అయిదు వేలు దాటాలి. వంటవాళ్ళు, భాషలు నేర్పేవాళ్ళు లాంటి కొద్దిమందికి మినహాయింపు ఉంది. ఫుట్‌బాల్ కోచ్ ఆ లెక్కలోకి రాడు. 44 మంది పిల్లల ఫీజులతో నడిచే క్లబ్బుకి ఇది అయ్యే పని కాదు. కాగితం మీద లక్షన్నర చూపించి చేతికి పాతికవేలు ఇద్దామని ఎవరైనా సలహా ఇస్తారు, తప్పకుండా ఇస్తారు. వినకండి. జీతం మీద టీడీఎస్ కట్టాలి, బ్యాంకు లావాదేవీ కనిపించాలి. అక్కడే దొరికిపోతారు.

ఆ వీసా మీద వచ్చినా అది ఒక్క యజమానికే కట్టుబడి ఉంటుంది. పొద్దున్న ఒక స్కూల్లో, సాయంత్రం మీ క్లబ్బులో అంటే కుదరదు. వీసా 180 రోజులు దాటితే దేశంలో దిగిన 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఇప్పుడంతా విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) వాళ్ళ ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్లోనే జరుగుతుంది. ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ లేని జిల్లాలో ఎస్పీ ఆఫీసే ఆ పని చూస్తుంది.

ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది. విదేశీయుడు ఒక్క రాత్రి మీ దగ్గర పడుకున్నా, గది ఇచ్చినవాళ్ళు 24 గంటల్లో ఆయన బస వివరాల ఫారం ఆన్‌లైన్లో పెట్టాలి. రైలు తప్పిపోయి క్లబ్బు గదిలోనో కమిటీ మెంబరు మేడ మీదో పడుకున్నా అంతే. లాడ్జీ వాళ్ళకి అలవాటే, ఇళ్ళవాళ్ళకే తెలియదు.

ఆయన భారతీయురాలిని పెళ్ళి చేసుకుని, పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండి, ఓసీఐ కార్డు (భారతీయులతో బంధం ఉన్న విదేశీయులకి ఇచ్చే శాశ్వత వీసా లాంటిది) తెచ్చుకుంటే కథ మారుతుంది. ఓసీఐ ఉన్నవాళ్ళకి ఈ జీతం షరతు లేదు, మామూలుగా ఉద్యోగం చేసుకోవచ్చు. అలాగని పెళ్ళిచూపులు మొదలెట్టకండి.

కంటోన్మెంట్ కుర్రోడు

గురువు గారూ, డబ్బు ఏమీ ఇవ్వకుండా రైలు చార్జీ, టిఫిను మాత్రం పెడితే? సరదాగా వచ్చి పిల్లలతో ఆడినట్టు?

ఆమదాలవలస ఫైలు

ఎప్పుడైనా ఒక ఆదివారం వచ్చి పిల్లలతో ఆడి వెళ్తే ఎవరూ ఏమీ అనరు. వారానికి మూడు రోజులు టైముకి రావడం, హాజరు పట్టీ, పిల్లల దగ్గర ఫీజు వసూలు, ఇవన్నీ ఉంటే జీతం లేదన్నా అది పనిలాగే కనిపిస్తుంది. అందుకని కాలేజీ నుంచి అభ్యంతరం లేదన్న ఉత్తరం తీసుకుని, ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో అనుమతి అడిగి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే మొదలెట్టండి. చదువు అయ్యాక వీసా రకం మార్చుకోడానికి వీలుంటుందా అన్నదీ అక్కడే దరఖాస్తు పెట్టి తేల్చుకోవాలి. ఏజెంటు నోటిమాట నమ్మకండి.

ఇంకోటి. ఆయన ఫొటో వేసి 'అంతర్జాతీయ హెడ్ కోచ్' అని కోట జంక్షన్‌లో ఫ్లెక్సీ కట్టకండి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మొదటి సాక్ష్యం అదే.

నాగావళి 9

కాగితాల మాట పెద్దాయన చెప్పేశారు. రెండో ప్రశ్నకి నేను చెప్తాను.

చదువుకి వచ్చి ఆటలో స్థిరపడటం మన దేశంలో కొత్తేం కాదు. జంషీద్ నాసిరి, మజీద్ బిష్కర్ ఇరాన్ నుంచి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి చదువుకోడానికి వచ్చారు. 1980లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు వాళ్ళిద్దరినీ కలకత్తా తీసుకెళ్ళింది. జంషీద్ స్ట్రైకర్. ఆట అయ్యాక వెనక్కి పోలేదు, కలకత్తాలోనే కాపురం పెట్టి కోచింగ్‌లోకి వచ్చాడు. 2022 జనవరిలో కలకత్తా డెర్బీలో (మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్) మోహన్ బగాన్ తరఫున సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఈస్ట్ బెంగాల్ మీద మూడు గోల్స్ కొట్టిన కియాన్ నాసిరి ఆయన కొడుకే.

మన వైపు మనిషి అనదగ్గవాడు చీమా ఒకోరీ. నైజీరియా నుంచి చదువు కోసం విశాఖ వచ్చినవాడే, మీ కుర్రాడి లాగే. తరవాత మహమ్మదన్ స్పోర్టింగ్, ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడాడు. అప్పటివరకు విదేశీయుల్ని తీసుకోని మోహన్ బగాన్ 1991లో ఆ పద్ధతి పక్కనపెట్టింది కూడా చీమా కోసమే. తరవాత ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ టౌన్, పీటర్‌బరో యునైటెడ్ దాకా వెళ్ళాడు. అయితే ఈ ఉదాహరణలు చూసి ధైర్యం తెచ్చుకోకండి. 1980ల నాటి పద్ధతులు వేరు, ఇప్పటి నిబంధనలు వేరు.

కోచ్‌గా ఎదగడం ఎలాగో చూడాలంటే నా ఓటు జియోవానీ సవరేసేకి. 1971లో వెనెజువెలా రాజధాని కరాకస్‌లో పుట్టాడు. అమెరికాలో లాంగ్ ఐలాండ్ యూనివర్సిటీకి చదువుకి వెళ్ళి, కాలేజీ జట్టు నుంచి లాంగ్ ఐలాండ్ రఫ్ రైడర్స్ అనే చిన్న క్లబ్బుకి, అక్కణ్ణించి 1996లో అమెరికా పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్ మొదలైనప్పుడు న్యూయార్క్ మెట్రోస్టార్స్‌కి వెళ్ళాడు. మొదటి సీజన్‌లో 13 గోల్స్ కొట్టాడు. తరవాత న్యూ ఇంగ్లండ్, శాన్ హోసే, వేల్స్‌లో స్వాన్సీ, ఇలా క్లబ్బులు తిరిగాడు. ఆట మానేసిన మర్నాడే పెద్ద జట్టు చేతికి రాలేదు. ఏళ్ళ తరబడి న్యూయార్క్ చుట్టుపక్కల పిల్లల విభాగాల్లో పనిచేశాడు. న్యూయార్క్ కాస్మోస్ క్లబ్బులోనూ ముందు చూసుకున్నది యువ అకాడమీనే. అక్కడే హెడ్ కోచ్ అయ్యాక, చాలా ఏళ్ళు మూతపడ్డ ఆ జట్టు మళ్ళీ ఆడటం మొదలెట్టిన 2013లోనే లీగ్ టైటిల్ గెలిచాడు, 2015లో, 2016లో మళ్ళీ గెలిచాడు. 2018 నుంచి 2023 ఆగస్టు దాకా మేజర్ లీగ్ జట్టు పోర్ట్‌లండ్ టింబర్స్‌కి కోచ్. అక్కడ 2018, 2021 రెండుసార్లూ ఫైనల్ ఓడిపోయాడు. 2020లో కరోనా రోజుల్లో ఒక్క చోటే పెట్టిన టోర్నీలో మాత్రం ఓర్లాండోని 2-1తో కొట్టి కప్పు ఎత్తాడు.

ఇందులో మీకు పనికొచ్చేది ఆ మధ్య ఏళ్ళ ముక్క. గోల్స్ వల్ల తలుపు తెరుచుకుంటుంది, అంతే. పదేళ్ళ పిల్లలకి ఏం చెప్పాలో, పదహారేళ్ళవాడిని బెంచి మీద కూర్చోబెట్టినప్పుడు వాళ్ళ నాన్నకి ఏం చెప్పాలో ఆ పిల్లల విభాగంలోనే నేర్చుకోవాలి. బ్రెజిల్ నుంచి వచ్చి మోహన్ బగాన్‌కి 200కు పైగా గోల్స్ కొట్టిన హోసే బారెటో కూడా చివరికి ముంబై వైపు రిలయన్స్ ఫౌండేషన్ వాళ్ళ కుర్రాళ్ళ అకాడమీలోనే కోచ్‌గా చేరాడు. అంత పేరున్నవాడే పిల్లల దగ్గరకి వెళ్ళాడంటే సెవెన్స్ రెండు సీజన్లు ఆడినవాడికి హెడ్ కోచ్ హోదా ఎందుకండీ?

సెవెన్స్ గురించి చెప్పకపోతే లోటు. అది చిన్న గ్రౌండు, ఏడుగురు ఆట. బంతి అందగానే గోలు కనిపిస్తుంది, గుద్దుకుని నిలబడ్డవాడిదే రాజ్యం. అక్కడ బాగా ఆడేవాడికి పదకొండు మంది ఆటలో ఆఫ్‌సైడ్ గీత (చివరి డిఫెండర్ ఉన్న వరస) మీద పరుగు టైమింగు, వెనకనుంచి పాసులతో బంతి ముందుకి తీసుకుని రావడం తెలిసే ఉంటాయని అనుకోవద్దు. అడిగి చూసుకోండి.

బొబ్బిలి బ్యాక్

ఎప్పుడు చూసినా స్ట్రైకర్లేనా? గోల్ ఆపినవాడిని ఎవడూ కోచ్‌గా పిలవడు. భారత జట్టు కోచ్ హైదరాబాద్ రహీం సాబ్ వృత్తికి బడిపంతులు. ఆయన చేతుల మీదే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం వచ్చాయి. ముందు ఊళ్ళో ఉన్న పీఈటీ మాస్టార్ని బతిమాలుకోండి.

పలాస పీఈటీ

బొబ్బిలి బావ కోపంలో న్యాయముంది. కానీ పీఈటీ ఒక్కడికి స్కూల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అన్నీ నెత్తిన ఉంటాయి. ఫుట్‌బాల్‌కి విడిగా మనిషి కావాలి.

మూడో ప్రశ్నకి జవాబు. ఆ నైజీరియా తమ్ముడి కాగితాలు సర్దుబాటు అయినా కాకపోయినా, గ్రౌండు సంగతి ఎవరు చేసినా ఒకటే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

స్ట్రైకర్ కోచ్ అయితే మొదటివారంలో జరిగేది ఒకటే. పిల్లలందర్నీ పెనాల్టీ ఏరియా బయట వరసలో నిలబెట్టి ఒక్కొక్కడికీ బంతి వేసి షాట్ కొట్టిస్తాడు. చూడ్డానికి బాగుంటుంది, తల్లిదండ్రులు వీడియో తీసుకుంటారు. లెక్క చూడండి. పది సెకండ్లకో షాట్ అనుకుంటే 15 నిమిషాల్లో 90 షాట్లు. వరసలో 20 మంది ఉంటే తలకి నాలుగో అయిదో పడతాయి. మిగతా పద్నాలుగు నిమిషాలు కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడతాడు, లేదా ముందున్నవాడిని గిల్లుతాడు. పైగా ఆ 90 షాట్లూ ఒకే గోలీ (గోల్‌కీపర్) మీద పడతాయి. మీ ఎర్రమట్టి మీద దూకితే తుంటి, మోచెయ్యి చెక్కుకుపోతాయి. పదిరోజుల్లో గోలీగా ఉండనని మొరాయిస్తాడు.

దీనికి విరుగుడు వరసని ముక్కలు చెయ్యడం. పెద్ద పోస్టులు ఒక్క జతే ఉన్నాయని ఆగకండి. వెదురు గడలు పాతి లేదా కోన్లు పెట్టి 12 ఏళ్ల లోపు వాళ్ళకి రెండు మీటర్ల వెడల్పు గోల్స్ మూడు నాలుగు చెయ్యండి. గుంపుకి ఆరుగురు, రెండు బంతులు. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గళ్ళు సున్నంతో గీసి ముగ్గురు దాడి చేసేలా, ఇద్దరు అడ్డుకునేలా ఆడించండి, ఆరోవాడు గోలీ. దాడి చేసే ముగ్గురికి ఒక మనిషి ఎక్కువ ఉంటాడు కాబట్టి ఎవడో ఒకడు ఖాళీగా దొరుకుతాడు. వాణ్ణి వెతకడమే పాఠం. గోలు పడగానే రెండో బంతి లోపలికి వెయ్యండి, ఆట ఆగకూడదు. ఇలా చేస్తే అదే 15 నిమిషాల్లో ఒక్కొక్కడి కాలికి బంతి ఎన్నో రెట్లు ఎక్కువసార్లు తగులుతుంది.

13 నుంచి 15 వాళ్ళకి స్ట్రైకర్ నిజంగా పనికొచ్చేది గోల్‌లైన్ దగ్గర్నించి వెనక్కి వేసే పాసు మీద గోలు. పాసు ఇచ్చేవాడు గోల్‌లైన్‌కి అయిదు మీటర్లు ఇవతల, దగ్గరి పోస్టుకి పన్నెండు మీటర్ల దూరంలో. స్ట్రైకర్ పెనాల్టీ ఏరియా గీత మీద, అంటే గోలుకి పదహారున్నర మీటర్లలో. వాడి వెనక రెండు మీటర్లలో డిఫెండర్. స్ట్రైకర్ ముందు దగ్గరి పోస్టు వైపు రెండు మూడు అడుగులు గట్టిగా వేస్తాడు, డిఫెండర్ నమ్మి కదలగానే తిరిగి పెనాల్టీ చుక్క వైపు వస్తాడు. పాసు ఆ పదకొండు మీటర్ల చుక్క దగ్గర అందాలి, ఒక్క తాకుడుతో కొట్టాలి.

ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే, బంతి కంటే ముందే చేరిపోవడం. చేరి నిలబడిపోతే డిఫెండర్ పట్టేస్తాడు. పాసు ఇచ్చేవాడు తల దించి బంతి వైపు చూసిన క్షణంలోనే చుక్క వైపు తిరగమనండి. తల ఎత్తి ఉన్నంతసేపు వాడు ఇంకా వెయ్యడు. ఈ చిన్న గుర్తు స్ట్రైకర్లకి ఒంట్లో ఉంటుంది గానీ నోటితో చెప్పరు. 'అలా అనిపిస్తుంది' అంటారు. మీరు పక్కన నిలబడి, ఎప్పుడు కదిలావు, ఏం చూసి కదిలావు అని అడిగి రాబట్టాలి. ఆ జవాబులు పుస్తకంలో రాసుకోండి, ఆయన రేపు వెళ్ళిపోయినా మీకు మిగులుతాయి.

షాట్ పైకి లేచిపోతుంటే కాలి బలాన్ని తిట్టకండి, రెండో కాలు చూడండి. ఆనించే కాలు బంతి పక్కన జానెడు దూరంలో, వేళ్ళు గోలు వైపు ఉండాలి. బంతికి వెనకపడితే ఒళ్ళు వెనక్కి వాలి బంతి ఆకాశానికి పోతుంది. గట్టి నేల మీద బంతి ఎక్కువ ఎగురుతుంది కాబట్టి గాలి కూడా చూసుకోవాలి. అయిదో సైజు బంతికి నిబంధనల్లో 8.5 నుంచి 15.6 పీఎస్ఐ దాకా ఉంది. మీ గ్రౌండుకి తొమ్మిది దగ్గర పెట్టండి. సైకిల్ షాపులో బొటనవేలితో నొక్కి చూసి రాయిలా ఎక్కిస్తారు, దాంతో మొదటి తాకుడు రెండు గజాలు పోతుంది, పిల్లవాడికి చేతకాదని మనం అనుకుంటాం. గేజు ఉన్న చేతిపంపు ఒకటి కొనుక్కోండి. 12 ఏళ్ల లోపు వాళ్ళకి నాలుగో సైజు బంతే ఇవ్వండి.

పూర్తి బలంతో కొట్టే షాట్లకి హద్దు పెట్టండి. 15 ఏళ్ల లోపు వాళ్ళకి ఒక పూటకి పాతిక ముప్ఫై దాటనివ్వను నేనైతే. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె దగ్గర నొప్పి వస్తుంది, ఎక్కువగా తన్నే, దూకే పిల్లలకి వస్తుంది. నొక్కితే అక్కడే నొప్పి అంటాడు. దానికి విశ్రాంతే మందు. 'స్ట్రైకర్ అంటే నొప్పి ఓర్చుకోవాలి' అనే కోచ్‌లుంటారు, వాళ్ళని దూరం పెట్టండి. గజ్జల్లో లాగినట్టుందన్నా ఆ రోజుకి షాట్లు ఆపించి పాసులు మాత్రమే ఆడించండి.

గోలీలకి పోస్టుల మధ్య రెండు మీటర్ల మేర నేల తవ్వి ఇసక పరవండి. ట్రాక్టరు ఇసక కూడా పట్టదు. ఇద్దరు గోలీలు ఉండేలా చూసి ఆరు షాట్లకొకసారి మార్చండి.

చివరికి స్ట్రైకర్లు మరిచిపోయేది, మన జిల్లాల్లో ఎవరూ నేర్పనిది ఒకటుంది. బంతి పోగానే ఏం చెయ్యాలి? అవతలి సెంటర్‌బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) దగ్గర బంతి ఉంటే నేరుగా మీదకి పరుగెత్తితే వాడు పక్కకి పాసు ఇచ్చి తప్పించుకుంటాడు. వంపు తిరిగి పరుగెత్తి ఒక వైపు తోవ మూసెయ్యాలి, వాడు రెండో వైపే ఆడేలా చెయ్యాలి. అప్పుడు వెనకున్న మనవాళ్ళకి బంతి ఎటు వస్తుందో ముందే తెలుస్తుంది. మోకాలు పాడైనవాడు కూడా ఇది నడుస్తూ చూపించగలడు. ఆయన చేత షాట్ల కంటే ఇదే ఎక్కువ చెప్పించండి.

కంటోన్మెంట్ కుర్రోడు

మాస్టారూ, మీ మాటలు ప్రింటు తీసి కమిటీలో చదివించాను. రెండు సందేహాలు. ఆయనకి తెలుగు రాదు, మా గుంటలకి ఇంగ్లీషు రాదు. ఎలాగ? ఇంకోటి, ఆయన్ని ఒకసారి పరీక్షించాలంటే ఎలా? షాట్లు కొట్టడం చూశాం, అది చాలదని ఇప్పుడు తెలిసింది.

పలాస పీఈటీ

భాష సంగతి పెద్ద అడ్డంకి కాదు. ఆటలో వాడే కేకలు ఏడెనిమిదే. వెనక మనిషి, టైముంది, తిరుగు, ఒక్క టచ్, వదిలెయ్, మూసెయ్, ఇలాంటివి. ఇవి ఆయన తెలుగులోనే నేర్చుకోవాలి, పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవడం కాదు. ఆట ఆపి ఏదైనా వివరించాల్సినప్పుడు మాత్రం మీ సీనియర్ ఒకడు పక్కన ఉండి చెప్పాలి. ఎలాగూ ఉండాలి, ఎందుకంటే బయటి మనిషిని ఒక్కణ్ణే పిల్లల దగ్గర వదలకూడదు. ఏ కోచ్‌నైనా సరే, తెలుగువాడైనా సరే, గ్రౌండులో ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, మసాజు పేరుతోనో దెబ్బ చూస్తానంటూనో గదిలోకి ఒంటరిగా తీసుకెళ్ళకూడదు. ఆయన దేశం నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెప్పించుకోమనండి. అడగడానికి మొహమాటపడొద్దు, పద్ధతైన అకాడమీలన్నీ అడుగుతాయి.

పరీక్షకి ఇలా చెయ్యండి. 12 మంది పిల్లలు, ఎనిమిది బంతులు, పది కోన్లు, 40 నిమిషాలు ఇవ్వండి. ఏం నేర్పాలో ముందురోజే ఒక్క వాక్యంలో రాసిమ్మనండి. మీరు ఆయన్ని చూడకండి, ఒక్క కుర్రాణ్ణి ఎంచుకుని వాణ్ణే చూడండి, వీలైతే మధ్యరకం ఆటగాణ్ణి. వాడు పది నిమిషాల్లో బంతి ఎన్నిసార్లు తాకాడు, ఎంతసేపు ఊరికే నిలబడ్డాడు, లెక్క రాయండి. ఆట ఆపిన ప్రతిసారీ ఆయన ఎంతసేపు మాట్లాడాడో చూడండి. అర నిమిషం దాటితే పిల్లల చూపు రైల్వే ట్రాక్ మీదకి పోతుంది. తప్పు చేసినవాడికి ఏం చెప్పాడు? 'కాదు, కాదు' అని తనే కొట్టి చూపించాడా, లేక కాలు ఎక్కడ పెట్టాలో చెప్పి మళ్ళీ చేయించాడా? ఆఖరికి ఎంతమంది పేర్లు గుర్తుపెట్టుకున్నాడో అడగండి. 40 నిమిషాల్లో ఆరుగురి పేర్లన్నా పట్టుకోనివాడు పిల్లలతో ఎక్కువకాలం ఉండడు.

ముందురోజు రాసిన వాక్యం 'షూటింగ్' అని ఒక్క మాటే అయితే, నమస్కారం పెట్టి టిఫిను పెట్టించి పంపించండి.

నాగావళి 9

మాస్టారు లైసెన్సు మాట ఎత్తలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ మెట్లు డి, సి, బి, ఎ, ప్రో. డి కోర్సు ఆరు రోజులు, 18 ఏళ్ళు నిండాలి. గొప్పగా ఆడి ఉండాలన్న నియమం లేదు. తరగతి పాఠాలుంటాయి, గ్రౌండులో ఒకరి సెషన్‌లో మరొకరు ఆటగాళ్ళుగా ఆడాలి, చివర మీరు నడిపిన సెషన్‌కి మార్కులు వేస్తారు. డి అయ్యాక కొంతకాలం పిల్లలకి చెప్పినట్టు చూపిస్తేనే సి. ఆ నైజీరియా తమ్ముడు చదువయ్యాక ఊరికి వెళ్తే అక్కడా ఆఫ్రికా సమాఖ్య మెట్లు డి నుంచే మొదలవుతాయి. 

నా సలహా, మీ ఇద్దరు సీనియర్లనీ డి కోర్సుకి పంపండి. ఆయనకి ఇద్దామనుకున్న పాతికవేలు దానికి ఖర్చు పెట్టండి.

కంటోన్మెంట్ కుర్రోడు

కమిటీలో ఇదే అనుకున్నాం. ఆయన కాలేజీకి ఉత్తరం రాయించాం, అనుమతి జవాబు వచ్చేదాకా ప్రాక్టీసుకి పిలవం. ఫ్లెక్సీ ఆర్డరు నిన్ననే ఇచ్చీసారట, బేగి ఆపించాం. సీనియర్లలో ఒకడు డిఫెండర్, వాణ్ణి కోర్సుకి పంపిస్తే ఫర్లేదా, లేక ముందుకి ఆడేవాడే వెళ్ళాలా?

బొబ్బిలి బ్యాక్

డిఫెండర్నే ముందు పంపండి. కోర్సులో అన్ని చోట్లా ఆడిస్తారు, ఏ పొజిషన్ అని ఎవరూ అడగరు. రబ్బరు స్టడ్ల బూట్లు రెండు జతలు, సొంత విజిల్, రాసుకోడానికి పుస్తకం పట్టుకెళ్ళమనండి. అయిదో రోజుకి ఒళ్ళు హూనమైపోద్ది, వెళ్ళేముందు రెండు వారాలన్నా రోజూ పరుగెత్తమనండి.